ఇంగ్లండ్ 1290లో యూదులను వెళ్ళగొట్టింది మతం వల్లా, వడ్డీ వల్లా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సెప్టెంబరులో ఎమ్మెస్సీకి యార్క్ వెళ్తున్నారు. ఆ ఊరి గురించి వెతుకుతుంటే ఒక వీడియో కనబడింది. "యూదులు అధిక వడ్డీలతో జనాన్ని పీల్చి పిప్పి చేశారు, అందుకే ఇంగ్లండ్ వాళ్ళని వెళ్ళగొట్టింది, మతానికీ దీనికీ సంబంధం లేదు" అని అందులో చెప్పారు. మీ స్నేహితుడేమో "కాదు, అదంతా చర్చి చేయించిన పని" అన్నాడు. ఏది నిజం, వాళ్ళు మళ్ళీ ఎప్పుడు తిరిగొచ్చారు అని అడిగారు.

సూటిగా చెప్తాను. వీడియో చెప్పింది తప్పు. మీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. వడ్డీ వ్యాపారం చేసినందువల్ల యూదులు ఆ దేశానికి పరాయివాళ్ళు కాలేదు. ముందు పరాయివాళ్ళని చేసి, తర్వాత ఆ వ్యాపారం తప్ప ఇంకో దారి లేకుండా చేశారు. పరాయివాళ్ళని చేసింది మతం. ఆ వ్యాపారంలో అసలు లాభం తిన్నది రాజు. 1290 నాటికి వాళ్ళ దగ్గర తీసుకోవడానికి రాజుకు పెద్దగా ఏమీ మిగల్లేదు. వాళ్ళని పంపించేస్తే మాత్రం పార్లమెంటు దగ్గర పెద్ద పన్ను దొరుకుతుంది. పంపించేశాడు.

గుంటూరులో డిగ్రీ కాలేజీలో 24 ఏళ్ళు యూరప్ చరిత్ర చెప్పాను. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి సౌతాంప్టన్ మూడుసార్లు వెళ్ళాను. అక్కడి నుంచి వించెస్టర్ రైల్లో ఇరవై నిమిషాలు. క్లాసులో పేర్లుగా చెప్పిన మనుషుల వీధుల్లో నడిచాక ఈ విషయం నాకు పాఠంలా అనిపించడం మానేసింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట ఒక సంగతి. ఇంగ్లండ్‌లో యూదులు అనాదిగా లేరు. 1066లో నార్మండీ నుంచి విలియం వచ్చి ఇంగ్లండ్‌ని గెలుచుకున్నాక, అతని వెనక రువాన్ నగరం నుంచి వచ్చారు. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు, ప్రార్థన హీబ్రూలో. అంటే ఇంగ్లీషు రైతుకు వాళ్ళు మూడు రకాలుగా పరాయి: మతం వేరు, భాష వేరు, పైగా తమని గెలిచిన రాజు మనుషులు. భూమి కౌలుకు తీసుకుని ప్రభువుకు విధేయత ప్రకటించాలంటే క్రైస్తవ ప్రమాణం చెయ్యాలి. చేతివృత్తుల సంఘాల్లో చేరాలంటే ఆ సంఘానికి ఒక పునీతుడు, ఒక పూజ, ఒక ఊరేగింపు ఉంటాయి. యూదుడు అందులో ఎలా చేరతాడు? ఇంకోపక్క క్రైస్తవుడు వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి అంటోంది. 1179 లాటరన్ సభ (రోములో పోపు పిలిచిన చర్చి మహాసభ) అయితే వడ్డీ వ్యాపారం చేసే క్రైస్తవుడికి క్రైస్తవ సమాధి కూడా దక్కదని చెప్పింది. యూదుల ధర్మశాస్త్రం సొంతవాళ్ళ దగ్గర వడ్డీ వద్దంటుంది, అన్యుల దగ్గర తీసుకోవచ్చంటుంది (ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం). అన్ని తలుపులూ మూసి ఒక్కటి తెరిచి ఉంచితే మనిషి అందులోంచే వెళ్తాడు. అలాగని అందరూ వడ్డీ వ్యాపారులు కారు. వైద్యులు, కంసాలులు, పంతుళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, పాతబట్టలు అమ్ముకునేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ పేర్లు రికార్డుల్లో తక్కువ కనబడతాయి, ఎందుకంటే రాజుగారి లెక్కలు రాసినవాళ్ళకి బాకీలతోనే పని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చట్టం దృష్టిలో యూదుడు రాజుగారి సొత్తు. యూదులూ, వాళ్ళకున్నదంతా రాజుదేనని 12వ శతాబ్దపు న్యాయగ్రంథాల్లోనే ఉంది. 1253లో మూడో హెన్రీ జారీ చేసిన శాసనం ఇంకా ముందుకెళ్ళింది. రాజుకు ఉపయోగపడని యూదుడు ఇంగ్లండ్‌లో ఉండకూడదు, ఆడైనా మగైనా పుట్టిన క్షణం నుంచీ ఏదో ఒక రకంగా రాజు సేవ చెయ్యాలి అంది. అదే శాసనంలో, సమాజమందిరంలో (యూదుల ప్రార్థనాలయంలో) ప్రార్థన లోగొంతుతో చేసుకోవాలి, క్రైస్తవుల చెవిన పడకూడదు అని కూడా ఉంది. ఒకే కాగితంలో మతమూ, ఖజానా పక్కపక్కన కూర్చున్నాయి చూడండి. ఈ రెండింటినీ విడదీయమని మీ వీడియో అడుగుతోంది.

క్లాసులో ఇది చెప్పేటప్పుడు ఒక పని చేసేదాన్ని. ఒక తెల్లకాగితం మీద పైన ఒకసారి, కింద ఒకసారి అదే ప్రామిసరీ నోటు రాసేదాన్ని: ఫలానావాడు ఫలానావాడికి ఇంత బాకీ. రెండింటి మధ్య ఖాళీలో పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి, ఆ మాట మీదుగా వంకరటింకరగా కత్తిరించేదాన్ని. రెండు ముక్కలూ ఇద్దరు పిల్లలకిచ్చి కలపమనేదాన్ని. అక్షరాల సగాలు సరిగ్గా అతుక్కుంటేనే నోటు అసలుది. ఇంగ్లండ్‌లో 1194 తర్వాత యూదుడి అప్పుపత్రం ఇలాగే రాసేవాళ్ళు. ఒక ముక్క అప్పిచ్చిన యూదుడి దగ్గర. రెండో ముక్క ఊళ్ళో ఉన్న రాజుగారి పెట్టెలో. ఆ పెట్టెకు మూడు తాళాలు. ఒక తాళంచెవి ఇద్దరు యూదుల దగ్గర, ఒకటి ఇద్దరు క్రైస్తవుల దగ్గర, మూడోది రాజుగారి గుమాస్తా దగ్గర.

ఒక ఏడాది ఈ ముక్కలు కలిపిన కుర్రాడు రైతు బిడ్డ. ఇంట్లో అప్పుల సంగతి బాగా తెలిసినవాడు. కాగితం పట్టుకుని అలాగే నిలబడి, "మేడమ్, అయితే ఎవరి దగ్గర ఎంత ఉందో రాజుకి రోజూ తెలుస్తూనే ఉంటుంది కదా" అన్నాడు. నేను ఒక గంట చెప్పాలనుకున్నది వాడు ఒక్క వాక్యంలో అనేశాడు. రాజుకి డబ్బు కావాలనుకున్నప్పుడు పెట్టెలు తెరిపించి, ఎవరికి ఎంత రావాలో చూసి, యూదులందరి మీదా కలిపి ఒక పన్ను వేసేవాడు. మూడో హెన్రీ 1241లో 20 వేల మార్కులు, 1244లో 60 వేల మార్కులు వేశాడు (మార్కు అంటే పౌండులో మూడింట రెండు వంతులు). కట్టడానికి యూదుడేం చేస్తాడు? బాకీలన్నీ ఒక్కసారిగా గట్టిగా అడుగుతాడు, లేదా నోట్లని రాజుకో, రాజు మనుషులకో సగం ధరకి వదులుకుంటాడు. అప్పు తీసుకున్న చిన్న జమీందారుకు గుమ్మం ముందు కనబడేది యూదుడు. వెనక ఉన్న రాజు కనబడడు.

వడ్డీ రేటు అడుగుతారేమో. 13వ శతాబ్దంలో మామూలుగా కనబడేది పౌండుకు వారానికి రెండు పెన్నీలు. పౌండుకు 240 పెన్నీలు కాబట్టి ఏడాదికి నూటికి 43. మన లెక్కలో నూటికి నెలకు మూడున్నర రూపాయల వడ్డీ అనుకోండి. భారమే, కాదనను. కానీ వసూలైనదాంట్లో పన్ను పోవాలి, మనిషి చచ్చిపోతే ఆస్తిలో మూడో వంతు రాజుకు పోవాలి, ఎప్పుడు ఏ అప్పును రాజు మాఫీ చేస్తాడో తెలియదు. ఆ రిస్కంతా కలిపితే ఆ రేటు వచ్చింది.

ఇది నా ఊహ కాదు. ప్రభువులు రాజు చేత రాయించుకున్న హక్కుల పత్రం, 1215 మాగ్నా కార్టాలో 10వ క్లాజు చూడండి. యూదుల దగ్గర అప్పు చేసినవాడు చనిపోతే, వారసుడు మైనరుగా ఉన్నంతకాలం వడ్డీ పెరగకూడదు అని ఉంటుంది. వెంటనే తర్వాతి మాట: ఆ బాకీ "మా చేతికి" వస్తే అసలు మాత్రమే తీసుకుంటాము. యూదుల బాకీలు రాజు చేతికి రావడం ఎంత మామూలు విషయం కాకపోతే ప్రభువులు ఆ మాట రాయించుకుంటారు?

లింకన్ నగరానికి చెందిన ఆరన్ 1186లో చనిపోతే రెండో హెన్రీ ఆస్తి మొత్తం స్వాధీనం చేసుకున్నాడు. అతనికి రావలసిన బాకీలు సుమారు 15 వేల పౌండ్లు, బాకీదారులు 400కి పైగా. వాటి వసూలుకే ఖజానాలో ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టాల్సి వచ్చింది. బాకీదారుల్లో తొమ్మిది సన్యాసి మఠాలు కూడా ఉన్నాయి. మీరు యార్క్‌లో ఉంటారు కాబట్టి రీవో మఠం, లీడ్స్ పక్కన కర్క్‌స్టాల్ మఠం శిథిలాలు తప్పకుండా చూస్తారు. ఆ రెండూ ఆరన్‌కి బాకీపడ్డ మఠాలే.

ఇప్పుడు వించెస్టర్‌కి వస్తాను. ఈ కథంతా ఒకే ఇంట్లో కనబడుతుంది, అందుకే ఎవరడిగినా ఆ ఇంటి గురించే చెప్తాను. అక్కడ జ్యూరీ వీధిలో (ఇక్కడ జ్యూరీ అంటే యూదులు ఉండే పేట) ఒక కంచు విగ్రహం ఉంది, 2022లో పెట్టారు. ఒక స్త్రీ, చేతిలో ఒక పత్రం, పక్కన ఆమె వేలు పట్టుకున్న చిన్న కొడుకు. ఆమె పేరు లికోరీసియా, పిల్లాడి పేరు ఆషేర్. కింద లేవీయకాండంలోని మాట హీబ్రూలో, ఇంగ్లీషులో చెక్కారు: నిన్ను వలె నీ పొరుగువాని ప్రేమింపవలెను. నేను వెళ్ళిన రోజు సన్నగా వాన పడుతోంది. స్కూలు పిల్లలు ఆ పిల్లాడి కంచు చేతిని పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు.

లికోరీసియా సొంతంగా వ్యాపారం చేసిన స్త్రీ. రాజు దగ్గరికి నేరుగా వెళ్ళగలిగిన స్త్రీ. రెండో భర్త ఆక్స్‌ఫర్డ్ డేవిడ్, దేశంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడు, 1244లో చనిపోయాడు. చేతిలో పసిబిడ్డ. ఆస్తి లెక్క తేలేదాకా ఆమెను లండన్ టవర్‌లో ఉంచారు. చివరికి 5 వేల మార్కులు కట్టి భర్త ఆస్తి విడిపించుకుంది. ఆ డబ్బులో ఎక్కువ భాగం దేనికి వెళ్ళిందో తెలుసా? హెన్రీ కొత్తగా కట్టిస్తున్న వెస్ట్‌మినిస్టర్ ఆబీకి. ఇప్పుడు మనవాళ్ళు లండన్ వెళ్ళి ముందు నిలబడి ఫొటో దిగే ఆ చర్చికే. యూదుడి వడ్డీ పాపమన్న లోకంలోనే ఆ వడ్డీ సొమ్ము పునీతుడి సమాధిమందిరానికి పనికొచ్చింది.

1277లో ఆమెనూ, ఆమె ఇంట్లో పనిచేసే ఆలిస్ అనే క్రైస్తవ స్త్రీనీ ఇంట్లోనే పొడిచి చంపారు. కూతురు వచ్చి శవాలు చూసింది. ముగ్గురి మీద కేసు పెట్టారు, ఎవరికీ శిక్ష పడలేదు. ఇంకో కొడుకు బెనెడిక్ట్‌ని వించెస్టర్ వర్తకసంఘం తనలో చేర్చుకుంది. ఇందాక సంఘాల్లో చేరనివ్వలేదన్నానే, దానికి అరుదైన మినహాయింపు ఇది. ఆ బెనెడిక్ట్‌ని నాణేల అంచులు కత్తిరించాడన్న నేరం మోపి ఉరితీశారు. విగ్రహంలో వేలు పట్టుకుని ఉన్న ఆషేర్ పెద్దవాడై, 1287లో ఎడ్వర్డ్ రాజు దేశంలోని యూదులను డబ్బు కోసం నిర్బంధించినప్పుడు వించెస్టర్ కోటలో బందీ అయ్యాడు. అక్కడ గోడ మీద హీబ్రూలో చెక్కాడు: శుక్రవారం, విశ్రాంతిదినం ముందు సాయంత్రం, ఈ ద్వీపంలోని యూదులందరినీ నిర్బంధించారు, ఆషేర్ అనే నేను ఇది చెక్కాను. ఆ గోడ ఇప్పుడు లేదు. 17వ శతాబ్దంలో జాన్ సెల్డెన్ అనే పండితుడు ఆ మాటలు రాసిపెట్టినందువల్ల మనకు దక్కాయి.

"అదంతా డబ్బు గొడవే కదా, మతం ఎక్కడుంది?" అని మీకు అనిపించవచ్చు. ఇక్కడే వీడియో చేసినవాళ్ళు పప్పులో కాలేశారు. డబ్బు బాకీ ఉంటే కోపం వస్తుంది. బాకీ ఉన్నవాడి మీద "వీడు పసిపిల్లల్ని చంపుతాడు" అనే నమ్మకం డబ్బు నుంచి పుట్టదు.

ఆ నింద మధ్యయుగ యూరప్‌లో మొదటిసారి కనబడింది ఇంగ్లండ్‌లోనే. 1144లో నార్విచ్ దగ్గర అడవిలో విలియం అనే 12 ఏళ్ళ కుర్రాడి శవం దొరికింది. యూదులు తమ పస్కా పండుగ రోజుల్లో క్రీస్తుని ఎగతాళి చేస్తూ వాణ్ణి చంపారని పుకారు. అక్కడి షెరీఫ్ (రాజు తరఫు జిల్లా అధికారి) ఆ మాట నమ్మలేదు, యూదులను కోటలో దాచి కాపాడాడు. కానీ కొన్నేళ్ళకి థామస్ అనే సన్యాసి ఆ కథను పుస్తకంగా రాశాడు. చనిపోయిన పిల్లాడు పునీతుడయ్యాడు, సమాధికి యాత్రికులు వచ్చారు, కానుకలు వచ్చాయి. తర్వాత గ్లోస్టర్, బరీ సెయింట్ ఎడ్మండ్స్, అలా పాకింది. 1255లో లింకన్‌లో హ్యూ అనే చిన్నపిల్లాడు నూతిలో శవమై తేలాడు. అప్పుడే ఒక పెళ్ళికని చాలా ఊళ్ళ నుంచి యూదులు లింకన్ వచ్చి ఉన్నారు. కోపిన్ అనే యూదుడిని బెదిరించి, ప్రాణం కాపాడతామని ఆశపెట్టి "ఒప్పుకోలు" తీసుకున్నారు. మూడో హెన్రీ స్వయంగా వచ్చి అతన్ని చంపించాడు. 90 మందికి పైగా యూదులను లండన్ తరలించారు. క్రైస్తవులే ఉన్న జ్యూరీ ముందు విచారణకు నిలబడటానికి ఒప్పుకోని 18 మందిని ఉరితీశారు. వాళ్ళ ఆస్తి రాజుకు చెందింది. అదే సంవత్సరం హెన్రీ దేశంలోని యూదులందరినీ తన తమ్ముడు రిచర్డ్ దగ్గర అప్పు కోసం తాకట్టు పెట్టి ఉన్నాడు. తాకట్టు అనే మాట ఊరికే వాడటం లేదు, నిజంగానే మనుషుల్ని తాకట్టు పెట్టాడు.

లింకన్ కెథెడ్రల్‌లో ఆ పిల్లాడి సమాధి మిగిలిన భాగం ఇప్పటికీ ఉంది. పక్కన చర్చివాళ్ళే ఒక బోర్డు పెట్టారు: ఈ కథలు కల్పితాలు, వీటివల్ల ఎందరో నిరపరాధులైన యూదులు ప్రాణాలు పోగొట్టుకున్నారు, ఇవి క్రైస్తవానికి గౌరవం తెచ్చేవి కావు అని. ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డాను. అంత చిన్న సమాధి. ఆ పిల్లాడిని ఎవరు చంపారో, లేదా ప్రమాదమో, ఎవరూ వెతకలేదు. పుకారు దొరికింది కాబట్టి వెతకడం ఆగిపోయింది.

గుడ్డపట్టీ సంగతి కూడా చెప్పాలి. 1215 లాటరన్ సభ యూదులు వేరుగా గుర్తుపట్టేలా బట్టలు వేసుకోవాలని తీర్మానిస్తే, దాన్ని ముందుగా అమలు చేసిన దేశాల్లో ఇంగ్లండ్ ఒకటి, 1218లో. మోషే పది ఆజ్ఞల పలకల ఆకారంలో రెండు తెల్లముక్కలు గుండెల మీద కుట్టుకోవాలి. 1275కి అది ఆరు అంగుళాల పొడవు, మూడు అంగుళాల వెడల్పు పసుపు గుడ్డ అయింది, ఏడేళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ. మొదట్లో డబ్బు కట్టి మినహాయింపు కొనుక్కోనిచ్చారు. చర్చి అవమానానికి తీర్మానం చేసింది, రాజు దాన్ని కూడా అమ్ముకున్నాడు.

ఇక మీరు వెళ్తున్న యార్క్ సంగతికి వస్తాను. 1189 సెప్టెంబరులో మొదటి రిచర్డ్ పట్టాభిషేకం. కానుకలు తెచ్చిన యూదులను గుమ్మం దగ్గరే కొట్టారు, లండన్‌లో ఇళ్ళు తగలబెట్టారు. తర్వాత రాజు శిలువ యుద్ధానికి బయల్దేరాడు. క్రీస్తు శత్రువుల మీదికి పోతున్నామన్న వేడి దేశమంతా ఉంది. 1190 మార్చి 16 రాత్రి, పస్కా ముందు విశ్రాంతిదినాన, యార్క్ యూదులు సుమారు 150 మంది రాజు కోటలోని చెక్క బురుజులో చిక్కుకున్నారు. బయట గుంపు. గుంపు నాయకుల్లో రిచర్డ్ మలెబిస్ లాంటి బాకీదారులు ఉన్నారు. ఉసిగొల్పుతున్న సన్యాసీ ఉన్నాడు. లోపల రబ్బీ (యూదుల మతగురువు) యోమ్ తోవ్ మాట మీద చాలామంది తమ కుటుంబాలని తామే చంపుకుని తామూ చనిపోయారు, బురుజు అంటుకుంది. మిగిలినవాళ్ళు తెల్లారి బాప్తిస్మం తీసుకుంటామని, ప్రాణాలు వదిలెయ్యమని బయటికి వచ్చారు. వాళ్ళనీ చంపేశారు.

ఆ తర్వాత గుంపు ఎక్కడికి వెళ్ళిందో గమనించండి. నేరుగా యార్క్ మినిస్టర్ కెథెడ్రల్‌కి. అక్కడ దాచిన అప్పుపత్రాలు తీసి అక్కడే కాల్చేశారు. మతమా, డబ్బా అని అడిగారు కదా, ఆ ఉదయం రెండూ ఒకే గుంపు చేతుల్లో ఉన్నాయి. బాప్తిస్మం తీసుకుంటామన్నవాళ్ళని మతం ఒక్కటే కారణమైతే చంపి ఉండరు. పస్కా రోజుల్లో, శిలువ యుద్ధం వేడిలో, పసిపిల్లలతో సహా చంపడానికి అప్పు ఒక్కటే కారణం కాదు. ఇందాక చెప్పిన మూడు తాళాల పెట్టె పద్ధతి దీని తర్వాత నాలుగేళ్ళకి వచ్చింది. పత్రాలు కాలిపోతే రాజుకు నష్టం కాబట్టి.

ముగింపు త్వరగా చెప్తాను. మొదటి ఎడ్వర్డ్ 1275లో యూదులు వడ్డీ తీసుకోకూడదని చట్టం చేశాడు. వ్యాపారం, చేతిపనులు చేసుకోండి అన్నాడు. వినడానికి బాగుంటుంది. సంఘాల్లో చేర్చుకోమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెట్టెలున్న ఊళ్ళలోనే ఉండాలి, పన్నెండేళ్ళు దాటినవాళ్ళు తలపన్ను కట్టాలి. 1278లో నాణేల నేరం కింద దేశవ్యాప్తంగా యూదు ఇంటిపెద్దలను పట్టుకున్నారు, లండన్‌లో సుమారు 270 మందిని ఉరితీశారు. అదే నేరానికి దొరికిన క్రైస్తవుల్లో ఉరి పడింది చాలా కొద్దిమందికే, మిగిలినవాళ్ళకి జరిమానాలు. ఇంకోపక్క ఎడ్వర్డ్ భార్య, కాస్టీల్ ఎలియనోర్ రాణి, యూదుల అప్పుపత్రాలు సంపాదించి వాటి మీద చిన్న జమీందారుల భూములు తన పరం చేసుకుంటోంది. కాంటర్బరీ ఆర్చిబిషప్ పెకమ్ ఆమెను ఈ విషయంలోనే హెచ్చరిస్తూ రాశాడు. భూమి పోయినవాడి కడుపుమంట నిజమైనదే. దాన్ని రాణి మీద చూపించలేరు కదా.

1290 జులై 18న యూదులందరూ నవంబరు 1 లోపు దేశం విడిచి పోవాలని షెరీఫులకు ఆజ్ఞలు వెళ్ళాయి. యూదుల క్యాలెండరులో ఆ రోజు ఆవ్ నెల 9, యెరూషలేము దేవాలయం కూలిన రోజని ఉపవాసం ఉండే రోజు. పార్లమెంటు ఎడ్వర్డ్‌కి ఇచ్చిన పన్నులో వసూలైంది 1,16,000 పౌండ్లు. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో అంత పెద్ద పన్ను ఇంకోటి లేదు. యూదుల ఇళ్ళు అమ్మితే వచ్చింది రెండు వేల పౌండ్ల స్థాయిలో. ఎడ్వర్డ్ తర్వాత రాసిన ఉత్తరంలో ఇచ్చిన కారణం మాత్రం, 1275 చట్టాన్ని మీరి వేరే పేరుతో వడ్డీ తీసుకున్నారని. వెళ్ళినవాళ్ళు రెండు మూడు వేల మంది. ఒక ఓడ కెప్టెన్ థేమ్స్ ముఖద్వారంలో పోటు తీసిన వేళ ఇసుకతిన్నె మీద దిగి కాళ్ళు చాపుకోండని యూదులను దింపి, నీళ్ళు పెరుగుతుంటే మోషేని (సముద్రాన్ని చీల్చి యూదులను దాటించాడని బైబిలు చెప్పే ప్రవక్తని) పిలుచుకోండని చెప్పి ఓడతో వెళ్ళిపోయాడనీ, తర్వాత అతన్ని ఉరితీశారనీ చరిత్రకారులు రాశారు.

వీడియో వాదనకి నా అసలు సమాధానం ఇటాలియన్లు. యూదుల ఆస్తి కరిగిపోతున్న రోజుల్లోనే ఎడ్వర్డ్ లూకా నగరపు రికార్డీ కంపెనీ దగ్గర భారీగా అప్పులు చేశాడు, తర్వాత ఫ్లోరెన్స్ ఫ్రెస్కోబాల్డీలు వచ్చారు. వాళ్ళూ లాభం లేకుండా ఇవ్వలేదు, పేరు మార్చి తీసుకున్నారు. జనం వాళ్ళనీ తిట్టారు, రాజులు వాళ్ళనీ దివాలా తీయించారు. కానీ వాళ్ళు పిల్లల్ని చంపుతున్నారని ఎవరూ అనలేదు, గుండెల మీద గుడ్డ కుట్టుకోమనలేదు. వాళ్ళు క్రైస్తవులు. ఇంకోటి, యూదులు వెళ్ళిపోయి వందేళ్ళయ్యాక కూడా, దేశంలో అప్పిచ్చే యూదుడే లేని రోజుల్లో, చాసర్ తన కవితలో లింకన్ హ్యూని తలుచుకున్నాడు. వడ్డీ పోయింది, కథ పోలేదు.

మీ స్నేహితుడి మాట సగమే నిజం అన్నాను, ఎందుకో కూడా చెప్పాలి. చర్చిలో అందరూ ఒక్కలా లేరు. యూదులను చంపకూడదు, బలవంతంగా మతం మార్చకూడదు అని పోపులు పదేపదే ఆజ్ఞాపత్రాలు ఇచ్చారు. లింకన్ బిషప్ హ్యూ (ఆ పిల్లాడు కాదు, అంతకుముందటి పెద్దాయన) యూదుల మీదికి వచ్చిన గుంపులకి ఎదురు నిలబడ్డాడు. 1200లో ఆయన అంత్యక్రియల్లో లింకన్ యూదులు ఏడ్చారు. 1255లో జైల్లో ఉన్న యూదుల కోసం బతిమాలింది కూడా సన్యాసులే. ఇంకో గట్టి ఉదాహరణ: బాప్తిస్మం తీసుకున్న యూదుడి ఆస్తి రాజు లాక్కునేవాడు. మతం మారాలని చర్చి కోరుకుంటుంటే, మారితే అడుక్కుతినాల్సిన పరిస్థితి రాజు తెచ్చాడు. అలాంటివాళ్ళ కోసం 1232లో లండన్‌లో ఒక సత్రమే కట్టాల్సి వచ్చింది.

తిరిగి రావడం గురించి. అధికారికంగా 366 ఏళ్ళు యూదులు లేరు. 1655లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి మెనాసే బెన్ ఇజ్రాయెల్ అనే రబ్బీ వచ్చి, అప్పట్లో రాజు లేని ఇంగ్లండ్‌ని ఏలుతున్న క్రామ్‌వెల్‌ని అడిగాడు. వైట్‌హాల్‌లో సభ పెట్టారు. వర్తకులు వద్దన్నారు, మతపెద్దలు కొట్టుకున్నారు. న్యాయమూర్తులు మాత్రం, 1290 నాటిది రాజు ఆజ్ఞే తప్ప చట్టం కాదు, కాబట్టి వాళ్ళు రాకూడదనే చట్టమేదీ లేదన్నారు. 1656 నుంచి చడీచప్పుడు లేకుండా ఉండనిచ్చారు. 1701లో కట్టిన బెవిస్ మార్క్స్ సమాజమందిరం లండన్‌లో ఇప్పటికీ నడుస్తోంది. యూదులకు పౌరసత్వం ఇచ్చే చట్టం 1753లో తెచ్చి, జనం గోల చేస్తే కొన్ని నెలల్లోనే వెనక్కి తీసుకున్నారు. లయనెల్ రాత్‌స్‌చైల్డ్ 1847లో ఎంపీగా గెలిచినా "క్రైస్తవుడి నిజవిశ్వాసం మీద" అన్న ప్రమాణం చెయ్యనన్నందుకు 1858 దాకా సభలో కూర్చోనివ్వలేదు.

ఇందులో మన వైపు తగిలే సంగతి ఒకటుంది. అలా లండన్ చేరిన పోర్చుగీసు యూదుల్లో కొందరు గోల్కొండ వజ్రాల కోసం మద్రాసు వచ్చారు. 1688లో మద్రాసు కార్పొరేషన్ పెట్టినప్పుడు ఆల్డర్మన్ల (నగరసభ పెద్దల) జాబితాలో యూదు వర్తకుల పేర్లూ, చిన్న వెంకటాద్రి పేరూ పక్కపక్కన ఉన్నాయి. లండన్ నగరంలో ఒక యూదుడు, డేవిడ్ సాలమన్స్, ఆల్డర్మన్‌గా ప్రమాణం చెయ్యడానికి 1847 రావాల్సి వచ్చింది.

చర్చి తన వంతు ఒప్పుకోవడం కూడా ఈమధ్యే జరిగింది. 1222లో ఆక్స్‌ఫర్డ్ సభలో యూదుల మీద చేసిన తీర్మానాలకి 800 ఏళ్ళయిన సందర్భంగా, 2022లో అదే ఊరి క్రైస్ట్ చర్చ్ కెథెడ్రల్‌లో ఇంగ్లండ్ చర్చి పశ్చాత్తాప ప్రార్థన పెట్టి క్షమాపణ చెప్పింది.

యార్క్‌లో ఇప్పుడు కనబడే రాతి బురుజు, క్లిఫర్డ్స్ టవర్, ఆ రోజుది కాదు. అది తర్వాత 13వ శతాబ్దంలో కట్టింది. కానీ దిబ్బ అదే. కింద మెట్ల దగ్గర 1978లో పెట్టిన రాతిపలక ఉంటుంది, చాలామంది చూడకుండా పైకెక్కేస్తారు, మీరు ఆగి చదవండి. దిబ్బ చుట్టూ డాఫోడిల్ పూల మొక్కలు వేశారు, పసుపు రంగు, ఒక్కో పువ్వుకి ఆరు రేకులు, దావీదు నక్షత్రానికి ఆరు కొనలున్నట్టు. సరిగ్గా మార్చి మధ్యలో విరగబూస్తాయి. మీ కోర్సు సెప్టెంబరులో మొదలవుతుంది కాబట్టి మొదటి ఏడాదే చూడగలరు. చలికోటు మర్చిపోకండి, ఆ దిబ్బ మీద గాలి చాలా కోస్తుంది.